తూములో ఏడుపు

తొండుపల్లి దాటినంక, విల్లాల వెంచర్ వెనక ఒక వాగుంది. లారీలు దాటనీకి వాగుల సిమెంటు తూములు ఏసి, మీద మట్టిదారి పోసిండ్రు. పొద్దుగూకినంక ఆ దారి తొక్కేటోళ్లు లేరు. తూము లోపల పసిపిల్ల ఏడుస్తదని... వానలల్ల కొట్టుకపోయిన తల్లి దాన్ని ఎతుక్కుంట తిరుగుతదని... ఒక్క నెలల ఇద్దరు వాచ్‌మెన్లు పని ఇడిచిపెట్టి పోయిండ్రు.

నేనప్పుడు ఆ వెంచర్‌ల కరెంటు పని చేస్తున్న. అక్కడి సూపర్‌వైజర్ జయకర్ అన్న, మైలార్‌దేవ్‌పల్లిల ఉంటడు. ఇదంత ఆయన నాకు చెప్పిందే.

అన్న భార్య షెకీనా అంతకు అయిదు నెలల ముందు జ్వరంతోటి పోయింది. అన్న ఏడ్వలే. తినుమంటె తినేటోడు, సంతకం పెట్టుమంటె పెట్టేటోడు. అంతే.

వెంచర్ ఓనరు మల్లేశ్వర్. వాగు ఒడ్డు పూడ్చి ఇంకో నాలుగు ప్లాట్లు తియ్యాలని ఆయన పట్టు. జేసీబీ డ్రైవర్లేమో భయపడి అటు దిక్కు పోతలేరు. ఎవరన్న రాత్రి పోయి చూసి, ఏం లేదని చెప్తే తెల్లారి పని మొదలుపెడదామన్నడు. అందరు తలలు దించుకున్నరు. అన్న పోతనన్నడు. ధైర్యం ఉండి కాదట. పోతే ఏమైతదన్న ఆలోచనే రాలేదట.

ఎనిమిదయింది. టార్చి పట్టుకొని వాగుల దిగిండు. నెత్తి మీదికెళ్లి ఒక విమానం కిందికి దిగిపోయింది. ఆ మోత సల్లవడ్డంక —

వినవడ్డది.

సన్నగ... ఆగి ఆగి... పసిపిల్ల ఏడ్చినట్టే.

భయమైతదేమో అని చూసుకున్నడట. కాలే. అట్లనే నడిచిండు. మొన్నటి వానకు ఒడ్డు మీది మన్ను జారి తూము నోరు పూడుకపోయింది, పైన బెత్తెడు సందు మిగిలింది. ఏడుపు ఆ సందుల నుంచే వస్తున్నది. టార్చి కొట్టిండు.

మట్టికుప్ప మీద రెండు పచ్చటి కండ్లు.

అవి పారిపోలే. అన్నను చూసుకుంటనే ఆ జంతువు కాలితోటి మన్ను గీరింది... మళ్ల గీరింది. పొడుగు కాళ్లు, చెవుల కొసలకు నల్లటి వెంట్రుకలు — అడవిపిల్లి. దాని పిల్లలు లోపల చిక్కుకున్నయి. వాటి అరుపు తూముల మార్మోగి, బయటికి పసిపిల్ల గొంతయి వస్తున్నది.

అన్న మోకాళ్ల మీద కూసోని చేతులతోటి మన్ను తవ్వుడు మొదలువెట్టిండు. గోర్లు చిట్లినయి, నొప్పి తెల్వలే. సందు పెద్దగైనంక తల్లి లోపలికి దూరింది. ఒక పిల్లను నోట కరుచుకొని జమ్ముగడ్డిలకు పోయింది. వచ్చి ఇంకోదాన్ని పట్టుకపోయింది.

అప్పుడు ఫోను మోగింది. మల్లేశ్వర్.

"ఏంది జయకర్, ఏమన్న ఉన్నదా? లేకుంటే పొద్దుగాల్నే మన్ను పొయ్యిస్త."

అన్న తూములకు టార్చి కొట్టిండు. మూడో పిల్ల ఇంక లోపల్నే ఉంది.

"ఉన్నదన్నా."

"చూసినవా?"

"చూసిన..." గొంతు తగ్గించి చెప్పిండు. "తల్లి ఉన్నది. పిల్లలు ఉన్నరు. మా మీద మన్ను పొయ్యకుర్రని ఏడుస్తున్నరు."

అవతల ఫోను కట్టయింది. తల్లి వచ్చి మూడోదాన్ని గూడ పట్టుకపోయింది.

తెల్లారి మల్లేశ్వర్ సంచి నిండ నిమ్మకాయలు పట్టుకొని వచ్చిండు. వాగు దిక్కు చూడలే. ఎంత జాగ ఇడిస్తే ఆ తల్లి ఊకుంటదో అడుగుమని అన్నను బతిమిలాడిండు.

ఇండ్ల పర్మిషన్ కాగితంల ఒక గీత ఉందట. వాగు ఒడ్డు నుంచి ఆ గీత దాక ఏం కట్టొద్దు, మన్ను పొయ్యొద్దు అని. నెలల తరబడి అది ఆఫీసు గోడకే ఉంది, ఎవరు చదవలే. ఆ పొద్దు అన్న నిలవడి చదివి వచ్చిండు.

"ముప్పై అడుగులన్నా," అన్నడు. ముఖంల ఏ మార్పు లేదు.

మాపటికల్ల హద్దు రాళ్లన్ని ఎనకకు జరిగినయి.