నలభై బళ్ళకీ ఒకే నంబరు

స్టామెనా పరిగెడుతోంది.

యాభై దాటిన మోకాళ్ళు. తడిసిన రాళ్ళ బాట. కోటు లోపల, పొట్టకి అదిమిపెట్టుకున్న లాప్‌టాప్.

వెనక బూట్ల చప్పుడు!

"ఏయ్! ఆగవే ముసలీ!"

జీకా. వుకాషిన్ దగ్గర పనిచేసే ఎద్దు. మెడ లేదు, భుజాల మీదే తల.

జనవరి నెల. సాయంత్రానికే చీకటి. నది మీంచి మంచు పాకి, నీష్ ఊరి పాత సామాన్ల సంతలోకి వచ్చేసింది. కొట్ల మీద టార్పాలిన్లు కడుతున్న చేతులు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు.

ఒక్కడూ కదలడు.

ఎన్నేళ్ళు కలిసి కొట్లు నడిపాం వీళ్ళతో! ఒకళ్ళ చిల్లర ఒకళ్ళం మార్చాం. ఒకళ్ళ టీలు ఒకళ్ళం తాగాం. ఇవాళ అందరికీ కళ్ళే ఉన్నాయి, కాళ్ళు లేవు.

సరే. గుర్తుంచుకుంటుంది. స్టామెనా దేన్నీ ఊరికే వదలదు.

ఎడమకి తిరిగింది. ఎదురుగా క్యాబేజీ ఊరబెట్టిన పీపా.

కాలితో ఒక్క తన్ను!

పీపా దొర్లింది. పుల్లటి నీళ్ళు బాటంతా పరుచుకున్నాయి. జీకా బూటు జారింది... వంద కిలోల మనిషి వెల్లకిలా పడ్డాడు. ముఖం మీద ఒక ఆకు.

"నా పీపా!" పీపా వాడి కేక.

"వుకాషిన్‌ని అడుగు! ఇవాళ అన్నిటికీ వాడే ఇస్తాడు!"

రెండు కొట్ల మధ్య సందు. మాంసం కాల్చే బండి వెనక పొగ. అందులోకి దూరి కూర్చుంది.

ఊపిరి... ఊపిరి...

జేబులో ఫోన్ అదిరింది. గ్రోజ్దానా. అంబులెన్స్ నడుపుతుంది. ఈ లాప్‌టాప్‌ని బండిలోంచి ఊడదీసి స్టామెనా చేతిలో పెట్టింది ఆ పిల్లే.

"అక్కా! దొరికిపోయావా?"

"దొరికితే ఫోనెత్తుతానటే?"

"వుకాషిన్ దగ్గరికెళ్ళకు. నేరుగా లాయరు దగ్గరికెళ్ళు."

"వెళ్ళాను. రెండు మెషిన్లూ పక్కపక్కన లేకుండా ఇది ఒట్టి ఇనుమన్నాడు. రెండోది వుకాషిన్ దగ్గరుంది."



"అక్కా... పొద్దున ఇంకోటి జరిగింది. ముసలాయన గుండె గీత, అదే ఈసీజీ, జ్వరంతో వచ్చిన చిన్నపిల్ల పేరు మీదికి వెళ్ళింది. డాక్టరమ్మ పిల్లని కళ్ళారా చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆయన గుండె సూది పిల్లకి పొడిచేవాళ్ళు!"

స్టామెనా పళ్ళు బిగుసుకున్నాయి.

ఒకడు పోయాడు. ఇంకా పోతారు. ఆ మెషిన్లు బళ్ళలోనే తిరుగుతున్నాయి. తమ్ముడు తిహోమిర్ మాత్రం జైల్లో ఉన్నాడు. రేపు పొద్దున జడ్జి ముందు నిలబెడతారు.

ఎవరు చేసిన పనికి?

*

కోపం వచ్చినప్పుడు స్టామెనా లెక్క మొదట్నుంచీ వేసుకుంటుంది. లెక్క తప్పితే చెయ్యి తప్పుతుంది.

వుకాషిన్ జర్మనీ నుంచి పాత లాప్‌టాపులు లారీల్లో తెప్పిస్తాడు. అంబులెన్సులకి నలభై అమ్మాడు. పేషెంటు గుండె గీతని బండిలోంచే ఆస్పత్రి కేంద్రానికి పంపాలి. అంటే లోపల సిమ్ వేసుకునే వైర్‌లెస్ కార్డు ఉండాలి.

వుకాషిన్ చవక కార్డులు తెచ్చాడు.

పెట్టి స్విచ్ నొక్కితే నల్లటి తెర. ఒకే ఒక్క లైను. ఈ కార్డుకి అనుమతి లేదు, తీసెయ్!

కార్డు బాగానే ఉంది. మెషిన్ కూడా బాగానే ఉంది. కానీ లాప్‌టాప్ కంపెనీ మెచ్చిన కార్డుల్లో ఇది లేదు. డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువులో ఏం పెట్టుకోవాలో కూడా ఆ దొరలే చెప్పాలి! స్టామెనాకి మొదటి మంట అక్కడే.

ఆ అడ్డు తీసే చెయ్యి ఊళ్ళో ఒకటే. తిహోమిర్‌ది.

బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న చిప్. దానికి క్లిప్పు పెడతాడు. లోపలున్నది రెండుసార్లు చదువుతాడు. రెండూ అక్షరం తేడా లేకుండా కలిస్తేనే ముందుకెళతాడు. కార్డుని అడ్డుకునే ముక్క మాత్రం మార్చి తిరిగి రాస్తాడు. ఆ చిప్‌లోనే మెషిన్ సొంత నంబరు కూడా ఉంటుంది. దాన్ని ముట్టుకోడు. నంబరు ఒక టేపు మీద రాసి మూతకి అంటిస్తాడు.

"పురిటి గదిలో పిల్లలకి కట్టినట్టు ఈ టేపులేంట్రా?" అని ఎన్నిసార్లు నవ్వింది!

"పిల్లలు తారుమారైతే నువ్వు పెంచుతావా?" అనేవాడు.

వుకాషిన్ ముందు తన సొంత లాప్‌టాప్ తెచ్చాడు. "ఇది చెయ్యి మేస్త్రీ. చూసి, మిగతా నలభై పంపుతా."

తిహోమిర్ చేశాడు. అంబులెన్స్ వాళ్ళు తమ ప్రోగ్రాం అందులోనే వేసి పరీక్ష చేసుకున్నారు. బ్రహ్మాండం అన్నారు.

నలభై రానే లేదు.

వుకాషిన్ లాప్‌టాప్ చిప్‌లో ఉన్నదంతా జీకా ఒక్కసారి చదివాడు. ఉన్నదున్నట్టు నలభైలోకి దింపాడు. నంబరుతో సహా!

నలభై మెషిన్లు. కేంద్రం కళ్ళకి ఒకే మెషిన్. అన్నీ ఒకటో బండే.

ఒక రాత్రి రెండు బళ్ళు ఒకే సమయంలో రెండు గుండె గీతలు పంపాయి. కేంద్రంలో కాగితాలు తారుమారయ్యాయి. బస్సు డ్రైవర్ నెబోయ్షా గుండె ఆగబోతుంటే, "ఏం లేదు, ఇంటికెళ్ళి పడుకో" అన్నారు.

వంటింట్లో పోయాడు. బూట్లు కూడా విప్పుకోలేదు.

వుకాషిన్ పోలీసులకి ఒకే మాట చెప్పాడు. "నలభైకీ చేసింది తిహోమిరే. నేను సామాను అమ్మేవాణ్ణి, నాకేం తెలుసు?"

ఆ వుకాషిన్ ఎవడు? తిహోమిర్ పెళ్ళికి సాక్షి. తిహోమిర్ కూతురిని బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానపిత. ఇక్కడ దాన్ని కూమ్ అంటారు. రక్తం కంటే దగ్గర చుట్టరికం. అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు... కూమ్‌లు ఎక్కరు!

*

పొగలోంచి జీకా గొంతు దగ్గరవుతోంది. బండి చక్రాల కింద చూస్తున్నాడు.

"గ్రోజ్దానా, ఆ ఎర్ర బటన్ ఎక్కడన్నావ్?"

"తెర మీద, ఎడమ మూల. తాగుబోతు పేషెంటు కొట్టబోతే మేం నొక్కేది. కేంద్రం గప్‌చుప్‌గా వింటది, నోరెత్తదు. నోరెత్తిందా... ఈ దరిద్రం నలభై బళ్ళలోనూ మోగుద్ది! నిన్న ఎవడో తుమ్మితే అందరికీ కలిపి 'చల్లగా ఉండు' అన్నారు."

"మంచిది."

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"బేరం."

కట్ చేసి ఇంకో నంబరు నొక్కింది. రెండో రింగుకే ఎత్తాడు.

"కూమ్... నీ ఎద్దుని వెనక్కి పిలు. క్యాబేజీ వాసనొస్తున్నాడు. నీ సరుకు నీకే అమ్ముతాను."

*

వుకాషిన్ గోడౌన్. పైకప్పు దాకా లాప్‌టాపుల గుట్టలు. మధ్యలో బల్ల. బల్ల మీద సారా సీసా, రెండు చిన్న గ్లాసులు. పక్కన అతని సొంత లాప్‌టాప్.

అది చూసి స్టామెనా ఊపిరి వదిలింది.

"రా స్టామెనా! చలిలో పరుగులేంటి ఈ వయసులో? అడిగితే కారు పంపేవాణ్ణిగా!"

"పంపావుగా. కారు కాదు... దున్నపోతుని."

తలుపు దగ్గర జీకా గుర్రుమన్నాడు. చొక్కాలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు బయట నిలబడు," అన్నాడు వుకాషిన్. "కంపు!"

తలుపు మూసుకుంది.

స్టామెనా కోటు విప్పి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. అరచెయ్యి దాని మీదే ఉంచింది.

"నెబోయ్షాని తీసుకెళ్ళిన బండిలోది. రేపు జడ్జి అడిగేది దీన్నే."

"ఎంతకి?"

"తిహోమిర్ బయటికి రావాలి."

"అది నా చేతుల్లో లేదు. ఏడాదో రెండేళ్ళో... వాడి కూతురి సంగతి నేను చూసుకుంటా. నా బిడ్డ లాంటిది."

నా బిడ్డ!

అరచెయ్యి కింద ప్లాస్టిక్ కిర్రుమంది. సీసా ఎత్తి వాడి నెత్తిన పగలగొట్టాలి. ఇప్పుడే. ఇక్కడే.

వద్దు. కోపంతో బేరం చేస్తే సరుకు పోతుంది.

"సరే," అంది. "అయితే డబ్బు. నా కొట్టుకి జీవితాంతం సరుకు. అదీ నువ్వు కొన్న ధరకే."

వుకాషిన్ ముఖం వికసించింది. ఇదీ తెలిసిన భాష!

"ఇప్పుడు మనుషుల్లా మాట్లాడుతున్నాం!" సారా పోశాడు. గ్లాసు ఎత్తబోయి ఆగాడు. కళ్ళు చిన్నవయ్యాయి. "ఆగాగు... ఇది అదేనని నాకేంటి నమ్మకం? నీ కొట్లో ఇలాంటివి గుట్టలున్నాయి. ఏదో పాతది పట్టుకొచ్చి నా చేతిలో పెట్టి, అసలుది లాయరుకి ఇచ్చుంటే?"

స్టామెనా ఇంటి నుంచి బయల్దేరినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నది ఈ ప్రశ్న కోసమే.

"నిన్నెవరు నమ్మమన్నారు? వెలిగించి చూడకుండా ఈ సంతలో సరుకు ఎప్పుడన్నా చేతులు మారిందా?"

"నువ్వే వెలిగించు."

ఆన్ చేసింది. అంబులెన్స్ ప్రోగ్రాం లేచింది. పైన నంబరు.

"నీది కూడా తెరువు. అదే ప్రోగ్రాం. పక్కన పెట్టి చూసుకో. ఒకే నంబరైతే అసలు సరుకు. లేకపోతే నా మొహాన కొట్టు."

వుకాషిన్ నవ్వాడు. తన లాప్‌టాప్ తన చేతుల్తోనే తెరిచాడు. ప్రోగ్రాం నొక్కాడు. వంగి ఒక్కో అంకె చూస్తున్నాడు... పెదాలు కదులుతున్నాయి.

స్టామెనా వేలు కదిలింది. ఎడమ మూల.

ఎర్ర బటన్.

నొక్కింది!

"కలిసింది!" వుకాషిన్ బల్ల చరిచాడు. "అక్షరాలా కలిసింది!"

"కలవదా మరి? నీ కడుపునే పుట్టాయి కదా నలభై."

"హహ్హ! నోరు చూడు!"

"ఒక్కటి అడుగుతా కూమ్. బేరం అయిపోయింది, ఇప్పుడు అబద్ధం దేనికి? నా తమ్ముడు చెప్పాడా, ఒక్కోదానికీ విడిగా చెయ్యాలని?"

"చెప్పాడు."

"విని కూడా ఎందుకు పంపలేదు?"

"నలభై చిప్పులు రెండేసిసార్లు చదువుతూ కూర్చుంటాడు నీ తమ్ముడు! నెల పట్టేది. నాకు ఆ వారమే ఇవ్వాలి. జీకాకి నాది ఇచ్చి, దీన్నే అన్నిట్లో దింపెయ్యరా అన్నాను. ఒక్క పూటలో అయిపోయింది." సారా గుటుక్కున మింగాడు. "కార్డు పనిచేసిందా లేదా? చేసింది! ఎవడికి తెలుసు ఆ నంబరుతో ఇంత గొడవని?"

"తిహోమిర్‌కి తెలుసు."

"అందుకేగా వాడు లోపలున్నాడు!"

మళ్ళీ నవ్వాడు.

ఒక్కడే నవ్వుతున్నాడు.

"పొద్దున ఒక చిన్నపిల్లకి తప్పు సూది పొడవబోయారు," అంది స్టామెనా. "రేపు ఇంకొకళ్ళు. ఆ మెషిన్లు వెనక్కి తీసుకోరా పశువా!"

"జీకా మెల్లగా ఒక్కోటీ మారుస్తాడు. తొందరేముంది?"

"తొందరేముందా!"

లేచింది. కుర్చీ వెనక్కి పడింది. తన సారా గ్లాసు తీసి, ముట్టుకోకుండానే, నేల మీద వంపేసింది.

వుకాషిన్ చూపు ఆ సారా వెంట పోయింది.

సారా పారబోస్తే బేరం లేదని అర్థం.

నవ్వు ఆగింది. మెల్లగా ఆమె తెర వైపు చూశాడు. ఎడమ మూల... చిన్న ఎర్ర వెలుగు.

"ఏంటది?"

స్టామెనా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంటది అంటే!"

సొరుగు లాగాడు. పిస్టల్!

గొట్టం ఆమె ముఖం మీదికి లేచింది. అక్కణ్ణుంచి జారి... లాప్‌టాప్ మీదికి.

ఢాం!

తెర పేలింది. గాజు పెంకులు చెంపకి గుచ్చుకున్నాయి. కాలిన ప్లాస్టిక్ వాసన. ఎర్ర వెలుగు ఆరిపోయింది.



వుకాషిన్ ఒగరుస్తూ నవ్వాడు. "అయిపోయింది. నీ సాక్ష్యం అదిగో, పొగ! ఎవడైనా విన్నా నా మాటా నీ మాటా అంతే. ఇప్పుడు చెప్పవే—"

"ఒకటో బండీ."



ఆడగొంతు. తాపీగా. బల్ల మీంచి వస్తోంది.

అదే నంబరున్న, అతని సొంత లాప్‌టాప్‌లోంచి!

"ఒకటో బండీ, ఇది కేంద్రం. మొదట్నుంచీ వింటున్నాం, అంతా రికార్డయింది. పిస్టల్ చప్పుడు కూడా. మీరున్న చోటు మాకు తెలుస్తోంది, పోలీసులు బయల్దేరారు. లైన్ కట్ చెయ్యకండి."

దూరంగా సైరన్. ఇంకోటి. వంతెన వైపు నుంచి మరోటి... కేంద్రం నోరెత్తింది. ఊళ్ళో బళ్ళన్నీ విన్నాయి.

వుకాషిన్ తలుపు వైపు చూశాడు. పిస్టల్ గొట్టం తన లాప్‌టాప్ వైపు తిరిగింది.

స్టామెనా చెంప మీది నెత్తురు తుడుచుకుంది.

"కాల్చు కూమ్," అంది. "దాన్ని కూడా కాల్చు. బళ్ళలో ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి!"