ఇరవై స్లైడ్లు, ఒకే మనిషి

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? ఎడమచేతి ఉంగరం వేలు. బొటనవేలు కాదు!"

డెబ్బై ఆరులో బెజవాడలో మా మలేరియా యూనిట్‌కి ట్రైనింగుకొచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి ఒక్కసారి చెబితే సరిపోయింది. పదోవాడు కృపానందం. జ్వరమొచ్చినవాళ్ళ వేలు పొడిచి, గాజు స్లైడు మీద నెత్తుటి చుక్క పల్చగా పూయాలి. ఇంతే పని. ఈయన దిబ్బరొట్టె వేసినట్టు మందంగా పూసి తెచ్చేవాడు. వాటిని మైక్రోస్కోపులో చూడాల్సిన ఖర్మ ల్యాబ్ టెక్నీషియన్ మార్తది, అంటే నాది.

తిరిగిచ్చేస్తే "సారీ అండీ" అంటూ వణికేవాడు. రోజు విడిచి రోజు వణికేవాడు. నేనంటే భయం కాబోలనుకుని, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా.

శనివారంలోగా వన్ టౌన్ నుంచి ఇరవై మంచి స్లైడ్లు తేకపోతే ట్రైనింగ్ ఫెయిల్, ఉద్యోగం లేదు. శుక్రవారానికి ఒక్కటీ తేలేదు.

"బోణీ కాకముందే నెత్తురు కళ్ళజూపిస్తావా అని కొట్లవాళ్ళు తిడుతున్నారండీ."

"బోణీ అయ్యాక వెళ్ళండి!"

"అప్పుడు బేరాలండీ."

తల పట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే ఇరవై స్లైడ్లు నా బల్లమీదున్నాయి. పల్చగా, చక్కగా, ఇరవై పేర్లతో. ముచ్చటేసింది. మొదటిదాంట్లో మలేరియా. రెండోదాంట్లోనూ. ఇరవైకి ఇరవై!

పరుగున వెళ్ళి మా డాక్టరు వెంకటకృష్ణారావుగారికి చెప్పాను. ఆయన దోమలమందు కొట్టేవాళ్ళందర్నీ వన్ టౌన్‌కి బయల్దేరమన్నారు. జీపు స్టార్టయ్యేసరికి కృపానందం వచ్చాడు, మొహం పాలిపోయి.

"అవన్నీ నా నెత్తురేనండీ."

పది వేళ్ళూ చాపాడు. వేలికి రెండేసి గాట్లు.

"బుద్ధుందా మీకు? మలేరియా ఒంట్లో పెట్టుకుని ఎలా తిరుగుతున్నారు?"

"వానలో తడిసిన జ్వరమనుకున్నానండీ."

"ఇప్పుడు డాక్టరుగారికి నా మొహం ఎలా చూపించను?"

"మీరెందుకండీ, నేనే వెళ్తాను."

తిన్నగా డాక్టరుగారి గదిలోకెళ్ళి తప్పంతా తనదేనన్నాడు. ఉద్యోగం పోతుందని తెలిసీ అన్నాడు. ఆ పూట డాక్టరుగారి కేకలకి పెంకులు లేచిపోయాయి. చివరికి మొదటినుంచి మళ్ళీ ట్రైనింగ్ చేయమన్నారు. అంటే ఇంకో మూడు నెలలు నా ప్రాణానికే!

మాత్రలు నా ఎదుటే మింగించాను. ఈయన్ని నమ్మేదెట్లా? చేదని మొహం చిట్లిస్తే తిట్టాను. తిట్టి బెల్లంముక్క పెట్టాను. రోజూ ఆ బెల్లం ఎవరికే అని మా అమ్మ తెరేసమ్మ అడగనే అడిగింది.

నెల తిరిగాక రూలు ప్రకారం మళ్ళీ నెత్తురు చూడాలి. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది.

"జ్వరం పోయింది కదండీ. ఇంకా ఈ వణుకేమిటి?"

"ఇది మలేరియా కాదండీ."

నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఉంగరం వేలు వదిలేసి మధ్యవేలు పొడిచాను.

"రూలు ఉంగరం వేలు కదండీ?"

"దాన్నింక పొడవను. దానికి వేరే పనుంది."

"ఏం పనండీ?"

ఓరి దేవుడా! ఈ మనిషికి ఏదీ ఒక్కసారికి ఎక్కదు.

"ఆదివారం పూజయ్యాక గుణదల మాత గుడి దగ్గర మా అమ్మ ఉంటుంది. ఆ వేలు చూపించి ఆవిణ్ణే అడగండి!"

వేలికేసి చూసుకున్నాడు. నాకేసి చూశాడు. అప్పటికి వెలిగింది. ఆనందంలో గబుక్కున లేచి స్లైడు కింద పడేసి పగలగొట్టాడు.

మళ్ళీ కూచోబెట్టి ఇంకో వేలు పొడిచాను.