గొళ్ళెం పడని తలుపు

ఉదయం పదకొండయ్యేసరికి అనంతపురంలోని తేమ పరిశోధనాలయమంతటా నీళ్ళ గంట మోగుతుంది. గంటంటే పెద్ద మోతేమీ కాదు, బిందెలోకి నీళ్ళు వంచుతున్న చప్పుడు. అది వినపడగానే ఎక్కడివాళ్ళక్కడ బల్ల మీది గ్లాసెత్తి తాగుతారు. మళ్ళీ గంటకు ఇంకో గ్లాసు. ఎండలు యాభై డిగ్రీలు దాటడం మామూలైపోయాక దాహనివారణ చట్టం వచ్చింది. పనిచేసే చోట నీళ్ళు తాగకపోవడం నేరమని ఆ చట్టం చెబుతుంది.

మొదట్లో జనం, “తాగమంటే తాగుతాం గానీ, తరవాతి సంగతేంటి?” అని గొణిగారు. ఆ గొణుగుడులో న్యాయం లేకపోలేదు. కడుపునిండా నీళ్ళు తాగిన మనిషి కుర్చీలో ఎంతసేపని కుదురుగా కూర్చుంటాడు? ఆఫీసులో సగంమంది నడవాలోనే ఉండేవారు. సమావేశాల్లో కాళ్ళు మెలిపెట్టుకుని కూర్చున్నవాళ్ళ మొహాలు చూసి, తన ఉపన్యాసానికి కదిలిపోయారని మేనేజరు మురిసిపోయేవాడు.

ఆ బాధ తీర్చినవాళ్ళు ఇద్దరు. డాక్టర్ పంపావతి, డాక్టర్ షంషాద్. వాళ్ళు కనిపెట్టిన పరికరం అసలు పేరు ‘మూత్రజల శోధిని’. ఆ పేరును పాఠ్యపుస్తకాలకు వదిలేసి జనం దాన్ని పట్టీ అన్నారు. పొత్తికడుపు మీద అతికించుకునే అరచేతి వెడల్పు పట్టీ అది. దానిలోని నానోఫైబర్లు, అంటే కంటికి ఆనని సూక్ష్మతంతువులు, నొప్పి తెలియకుండా మూత్రాశయం దాకా వెళతాయి. అక్కడ చేరినదాన్ని మెంబ్రేన్ అనే వడపొర ఎప్పటికప్పుడు విడదీస్తుంది. శుభ్రమైన నీరు ఒంటి మీది చలువచొక్కా నేతలోకి పాకి, ఆవిరై మనిషిని చల్లబరుస్తుంది. మిగిలిన లవణాలు చింతగింజంత గుళికగా గట్టిపడతాయి. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు దాన్ని తీసి డబ్బాలో పడేస్తే సరి. ఇక రెండోదాని సంగతంటారా, అది ఎటూ పొద్దున్నే ఇళ్ళలో తీరేదే.

పట్టీ వచ్చాక కొత్త భవనాల్లో మూత్రశాలలు కట్టడం మానేశారు. ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేశారు. ఈ భవనంలో కింది అంతస్తు నడవా చివర ఆడవాళ్ళది ఒకటి మాత్రం మిగిలింది.

ఆ రోజు గంట మోగి పంపావతి గ్లాసు దించగానే గడప పలికింది. గడప అంటే భవనాన్ని నడిపే యంత్రం. తలుపులు తెరిచేదీ, ఎవరెక్కడికి పోతున్నారో కనుక్కునేదీ అదే.

“డైరెక్టర్ గారూ, కింది మూత్రశాలను తొలగించడానికి మీ అనుమతి కావాలి. రెండోది, డాక్టర్ షంషాద్ గారు ఈరోజు పదవీ విరమణ చేస్తున్నారు. సంస్థ తరఫున వీడ్కోలు సందేశం రాసి ఉంచాను. వినిపించనా?”

“వద్దులే.”

షంషాద్ రేపటి నుంచి రాదు. ఒకే భవనం, ఒకే అంతస్తు. అయినా పని గురించి తప్ప మరో మాట మాట్లాడుకుని ఏళ్ళు గడిచిపోయాయి. పోట్లాటేమీ లేదు. పోట్లాడుకుని ఉన్నా బాగుండేది, రాజీ పడటానికైనా ఒకరి గదికి ఒకరు వెళ్ళేవారు. ఈ సాయంత్రం ఆమె గేటు దాటేలోగా ఒక్కసారి దగ్గర కూర్చుని మాట్లాడాలి. పంపావతికి కావలసింది అంతే. లేచి తలుపు దగ్గరకు నడిచింది.

“ఎక్కడికండీ?” అంది గడప.

“షంషాద్ గదికి.”

“ఏ పని నిమిత్తం?”

పంపావతి ఆలోచించింది. పనేమీ లేదు. ‘ఊరికే’ అంటే గడపకు అర్థం కాదు, ఒంట్లో బాగాలేదేమోనని వైద్యుణ్ణి పిలుస్తుంది. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందని సామెత. పంపావతికి డొంక కూడా దొరకలేదు.

“ఏం లేదులే” అని వెనక్కి వచ్చి కూర్చుంది.

వెనకటి రోజుల్లో ఇలా వంకలు వెతుక్కోవలసిన పనే ఉండేది కాదు. ఇద్దరూ కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ప్రయోగశాల రేకుల షెడ్డులో ఉండేది. మూత్రశాల ఆవరణకు ఆ చివర. ఎర్రటి ఎండలో నడిచిపోవాలి. దాని తలుపుకు గొళ్ళెం లేదు. ఎన్ని అర్జీలు పెట్టినా రాలేదు. అందుకని ఒకరు లోపలికి వెళితే ఒకరు బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. షంషాద్ మైక్రోస్కోపు మీంచి తలెత్తి, బడిపిల్లలా ‘ఒంటికి’ అని చిటికెన వేలు చూపించేది.

“పంపా, తోడొస్తావామ్మే?”

ఇద్దరూ ఒకే చున్నీ నెత్తిన కప్పుకుని పరుగు తీసేవారు. ఇక అక్కడ మొదలయ్యేది. షంషాద్ వాళ్ళమ్మ చేసే ఉగ్గాని రుచి, పంపావతి అత్తగారి సణుగుడు, కుదరని ప్రయోగాలు, ఇంట్లో చెప్పుకోలేని దిగుళ్ళు, అన్నీ ఆ తలుపుకు అటూ ఇటూ నడిచేవి. ఎదురెదురుగా కూర్చుంటే గొంతు దాటని మాటలు కూడా తలుపు అడ్డముంటే సులువుగా వచ్చేవి. కడుపు నిలవలేదన్న సంగతి పంపావతి భర్తకన్నా ముందు ఆ తలుపుకే చెప్పింది. తరవాత షంషాద్ బయటికి వచ్చి, తడి చేతులతోనే ఆమెను కావలించుకుంది. ఆ తడి ఇప్పటికీ భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

పట్టీ పుట్టిందీ అక్కడే. ఒక వేసవి మధ్యాహ్నం లోపలి నుంచి షంషాద్ అంది, “ఇంతింత నీళ్ళు తాగేది, మళ్ళ ఇంత దూరమొచ్చి పారబోసేది. కడుపులోనే వడగట్టి ఒంటికి చల్లగా పట్టిచ్చే పనైతే ఎంత బాగుంటాదమ్మే.” ఆ మాటకు బయట పంపావతి నిర్ఘాంతపోయి తలుపు వదిలేసింది. అప్పుడు షంషాద్ తిట్టిన తిట్లు ఏ పరిశోధన పత్రంలోనూ అచ్చు కాలేదు.

పట్టీ వచ్చింది. పేరొచ్చింది. చల్లటి పెద్ద భవనంలో చెరో గది వచ్చింది. తోడు వెళ్ళే పని మాత్రం పోయింది.

“మూత్రశాల సంగతి ఏం చేయమంటారు?” అని గడప మళ్ళీ గుర్తు చేసింది.

ఆ గది విషయంలో ఒక నియమం ఉంది. ఒక్క ఉద్యోగికైనా పట్టీ పనిచేయకపోతే దాన్ని తొలగించకూడదు. అయితే పట్టీలో లోపం ఉందని ఎవరైనా అంటే పంపావతికి ఒళ్ళు మండేది. తానే వెళ్ళి పరీక్షించి, లోపమేమీ లేదని తేల్చేదాకా ఆమెకు అన్నం సయించేది కాదు.

“అది ఖాళీగానే ఉందిగా, తీసెయ్” అంది.

“ఖాళీగా లేదండీ. రోజూ మనుషులు వెళుతున్నారు.”

“పట్టీ లేనివాళ్ళా?”

“అందరికీ ఉన్నాయి.”

పట్టీలు చెడిపోతున్నాయా? తనకు భయపడి ఎవరూ చెప్పడం లేదా? జన్మంతా ధారపోసిన పని కింది అంతస్తులో గుట్టుగా కారిపోతోందా?

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు. వాళ్ళు చెప్పిన కారణం మూత్రవిసర్జన. ఆ కారణానికి ఎదురు ప్రశ్న వేయకూడదని నాకు నియమం.”

“నేనిప్పుడే అక్కడికి వెళ్ళాలి.”

“ఏ పని నిమిత్తం?”

“తనిఖీ.”

తలుపు వెంటనే తెరుచుకుంది.

మూత్రశాలలో అద్దం ముందు ముగ్గురు అమ్మాయిలున్నారు. ఒకమ్మాయి ఏడుస్తోంది. వెనక నిలబడిన అమ్మాయి ఆమె జడ విప్పి నెమ్మదిగా మళ్ళీ అల్లుతోంది. మూడో అమ్మాయి ఆ పిల్లను నవ్వించాలని తమ పై అధికారి నడకను అనుకరిస్తోంది. పంపావతిని చూడగానే ముగ్గురూ బిగుసుకుపోయి, చిటికెన వేళ్ళు పైకెత్తారు.

పంపావతి జేబులోంచి మీటరు తీసి ముగ్గురి పట్టీలూ చూసింది. మూడూ భేషుగ్గా ఉన్నాయి.

“మరి ఎందుకొచ్చారు?”

“ఒంటికి మేడం” అంది జడ అల్లుతున్న ఇందుజ.

“పట్టీలు బాగున్నాయి కదమ్మా.”

“బాగుండాయి మేడం. ఎప్పుడూ బాగానే ఉంటాయి.” ఇందుజ తల వంచుకుంది. “ఒంటికని చెప్తేనే గడప ఏమీ అడగదు. దీని నాయినకు బాగలేదు మేడం. ఎవురితోనన్నా చెప్పుకోవల్ల కదా.”

పంపావతి మీటరు జేబులో పెట్టేసింది. అప్పుడే లోపలి గదిలోంచి బాగా తెలిసిన గొంతు వినిపించింది.

“బయట ఎవురున్నారమ్మా? ఈ గొళ్ళెం తుప్పు పట్టి పడేలా లేదు. కొంచెం తలుపు పట్టుకోండి.”

ఉద్యోగం వదిలేవాళ్ళు చివరి రోజు పొద్దున్నే పట్టీని సంస్థకు అప్పగించాలి. షంషాద్ అప్పగించేసింది. నీళ్ళ గంటకు గ్లాసు మాత్రం తాగింది. ఇందుజ కదలబోతుంటే పంపావతి చేత్తో ఆపి, తానే వెళ్ళి తలుపు పిడి పట్టుకుంది. అమ్మాయిలు చప్పుడు చేయకుండా జారుకున్నారు.

“షమ్మూ” అంది పంపావతి. ఆ పిలుపు నాలుక మీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

లోపల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

“పంపా? ఈడేం చేస్తాండావ్?”

“తనిఖీకొచ్చినా.”

“సరేగానీ తలుపు వదలాకు. ఒకసారి వదిలినావు, ఇంకా మరిచిపోలేదు.”

పంపావతికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆ నీళ్ళను వడగట్టే పట్టీ ఎవరూ కనిపెట్టలేదు.

“ఎన్నేండ్లాయ షమ్మూ. ఒక్కసారన్నా నా రూముకు రావాలని అనిపించలేదా?”

“అనిపించకేం. బయలుదేరితే ఏ పని మీదని గడప అడిగె. నువ్వేమో డైరెక్టరైతివి. ఊరికే వస్తాండానంటే బాగుంటాదా? అందుకే ఒంటికని చెప్పి ఈడికొచ్చేదాన్ని. నీళ్ళ గంట మోగినాక వచ్చి ఈ అద్దం కాడ నిలబడేదాన్ని, నువ్వు వస్తావేమోనని.”

“నా పట్టీ బాగుండె కదమ్మే. నేనెట్లొస్తా?”

“నా పట్టీ మాత్రం చెడిపోయుండెనా?”

పంపావతి తలుపుకు నుదురు ఆనించింది. అప్పుడు పైకప్పు నుంచి గడప పలికింది.

“డైరెక్టర్ గారూ, తనిఖీ పూర్తయిందా? గదిని తొలగించమంటారా?”

“వద్దు. నా పట్టీ పనిచేయడం లేదు.”

గడప ఎప్పుడూ తీసుకోనంత సమయం తీసుకుంది. “మీ పట్టీ సవ్యంగా ఉందని నా సెన్సర్లు చెబుతున్నాయి.”

“దాన్ని తయారుచేసింది నేనా, నీ సెన్సర్లా? లోపం ఉందని రాసుకో.”

ఎవరి నోట విన్నా ఆమె సహించని మాట అది. ఇప్పుడు తానే అంది. అబద్ధమాడానన్న దిగులేమీ కలగలేదు.

“రాసుకున్నాను. తొలగింపు ఆగిపోయింది. మీ పట్టీని మీరే పరీక్షించుకోకూడదు. ఆ అర్హత ఇంకా ఉన్నది డాక్టర్ షంషాద్ గారికి ఒక్కరికే. ఆవిడ ఈరోజుతో వెళ్ళిపోతున్నారు.”

“రేపటి నుంచి సలహాదారుగా పిలిపించు. రోజూ రావాలి, నీళ్ళ గంటకు.”

“ఏ పని నిమిత్తం?”

“నా పట్టీ చూడటానికి. ఇప్పుడే చెప్పాను కదా.”

“పరీక్ష ఎన్నాళ్ళలో ముగుస్తుందండీ?”

జవాబు తలుపు వెనక నుంచి వచ్చింది. “చెప్పలేం నాయనా. అది పాత రోగం. అంత తొందరగా కుదరదు.”

గడప ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుని ఊరుకుంది. పంపావతి పిడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“అయిందామ్మే?”

“ఉండమ్మే. ఎన్నేండ్లకో వస్తి, తొందరపెట్టాకు.”

“నిదానంగా రా. నేను పట్టుకోనుండాన్లే.”