అందరం వచ్చేశాం

మా పొలంలో ఉన్న పాత గడీకి ఇప్పుడు మిగిలింది రెండు గోడలు, ఒక కింది గది. సరిహద్దు దాటి వచ్చే స్కాట్లాండ్ దోపిడీ దండులకు భయపడి మా పూర్వీకులు వందల ఏళ్ల కిందట కట్టుకున్నదట. మంచు పడితే గొర్రెల్ని అందులోకే తోలుతాం. గుమ్మానికి తలుపు లేదు. అడ్డగడియ దూరే తొర్ర మాత్రం గోడలో అలాగే ఉంది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ. ఆఖరున లోపలికొచ్చిన మనిషే "అందరం వచ్చేశాం" అని గట్టిగా అనాలి. ఇంకెవరూ అనకూడదు. ఒకప్పుడు దండు వచ్చిపడితే, లోపలివాళ్లు తొందరపడి ఆ మాట అనేసి, సొంత మనిషిని బయటే వదిలి తలుపేశారని నాయనమ్మ చెప్పేది. సందులో చెయ్యి పెట్టినా ఆగలేదట, వేలొకటి తెగి లోపల పడిందట.

మార్చి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. మంచు గాలి. గొర్రెల్ని నేను లోపలికి తోలేశాను. అన్నయ్య కత్‌బర్ట్ కుంటి గొర్రెను భుజాన వేసుకుని ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు.

"ఒరేయ్ అన్నయ్యా, చర్చిలో పెళ్లికూతురిలా నడుస్తున్నావేం!"

"నువ్వొచ్చి మొయ్యవే, తెలుస్తుంది!"

"నేను మొయ్యను. అందరం వచ్చేశాం!"

ఉడికించడానికే అన్నాను.

వాడు నవ్వలేదు. "ఏం మాటే అది..." అంటూ గొర్రెను కింద పడేసి పరుగెత్తాడు.

గోడ తొర్రలో ఏదో కదిలింది. బరువుగా... రాయిని రాసుకుంటూ... గుమ్మంలో వెలుగు సన్నబడింది. తడి ఉన్ని కంపులో కాగడా పొగ కలిసింది. సందులోంచి కత్‌బర్ట్ చెయ్యి లోపలికొచ్చింది. పట్టుకున్నాను. పట్టుకున్నాను, దేవుడా...

తలుపు పడింది.

బయట గుర్రాల డెక్కలు. మా చుట్టుపక్కల ఎవరికీ గుర్రాలు లేవు.

"హెస్టర్! తియ్యవే... తియ్యి!"

తర్వాత మాటలు లేవు. గొడ్డలి మాంసంలో దిగే చప్పుడు. మళ్లీ... మళ్లీ. గోళ్లు ఊడేలా ఆ చెక్కను రక్కాను. తలుపు కింద నుంచి రక్తం నా బూట్ల దాకా పారింది. అరవబోతే వెనక చీకట్లోంచి ఒక ముసలి చెయ్యి నా నోరు నొక్కేసింది.

"ఉష్... తెరవకు తల్లీ. మనం బతికాం కదా."

గదిలోకి మళ్లీ వెలుగొచ్చేసరికి తలుపు లేదు. గుమ్మంలో అన్నయ్య... ముక్కలుగా.

రాళ్లు కూలి మీద పడ్డాయని పోలీసులు రాసుకున్నారు. నా గోళ్లలో దిగిన చెక్క పేళ్ల గురించి ఎవరూ అడగలేదు. ఆ మాట అన్నది నేనేనని అమ్మకు కూడా చెప్పలేదు. ఇక్కడే చెబుతున్నాను.

వాడి కుడిచేతికి బొటనవేలు మిగిలింది. తలుపు సందులో తెగినవి నాలుగు. గొర్రెల కాళ్ల మధ్య పాకుతూ ఏరింది నేనే.

ఐదు దొరికాయి. ఐదూ ఇంకా వెచ్చగానే ఉన్నాయి.