పన్నెండో పడక

కాకినాడ కల్పవల్లి ఆసుపత్రి గేటు దాటిన రోగికి పేరుండదు, ఊరుండదు. కోటీశ్వరుడైనా, చేపల రేవులో బుట్టలు మోసే మనిషైనా, అద్దాల గదిలోకి వెళ్ళి లేత ఆకుపచ్చ అంగీ తొడుక్కోవలసిందే. బయటికొచ్చేసరికి మణికట్టు మీద ఒక పిట్ట పేరు వెలుగుతూ ఉంటుంది. ఒకరు గోరింక, ఒకరు వడ్రంగిపిట్ట, ఇంకొకరు పాలపిట్ట. 2079లో ఇదేమంత వింత కాదు. "మా తాతయ్య వారం రోజులు కొంగగా ఉండి వచ్చాడు" అని పిల్లలు బళ్ళో చెప్పుకుంటారు.

ఇదంతా చేసే యంత్రం పేరు ఏకరూపి. సర్కారు స్థలం తీసుకుని కట్టిన ప్రతి ప్రైవేటు ఆసుపత్రీ నాలుగింట ఒక పడక పేదలకు ఉచితంగా ఇవ్వాలని చట్టం ఏనాడో వచ్చింది. వచ్చి ఏం లాభం? ఆ పడకలన్నీ వెనక బ్లాకులో, జనరేటరు గది పక్కన ఉండేవి. వెళ్ళి అడిగితే ఖాళీ లేవనేవారు. డాక్టరు చూపు రోగి ముఖం కంటే ముందు కార్డు రంగు మీద పడేది. పదేళ్ళ క్రితం డాక్టర్ లాస్య ఏకరూపిని తయారుచేసి ఆ రంగునే చెరిపేసింది. ఎవరిది ఉచిత పడకో, ఎవరిది కాదో ఏకరూపి తన క్వాంటమ్ చిప్‌లో గుప్తలిపిలో దాచుకుంటుంది. అది నర్సుకు తెలియదు, డాక్టరుకు తెలియదు, ఆఖరికి ఛైర్మనుకూ తెలియదు. వెనక బ్లాకు మూతబడి ఇప్పుడక్కడ బట్టలుతికే రోబోలు తిరుగుతున్నాయి.

లాస్య హోలోగ్రామ్ ఆసుపత్రి హాల్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళకు నమస్కారం పెడుతుంటుంది. ఆ నమస్కారం చూసినప్పుడల్లా డాక్టర్ రుత్విక్‌కు కడుపు మండిపోయేది.

మండదా మరి? ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే బెంచీ. హౌస్‌సర్జన్లుగా ఉన్నప్పుడు క్యాంటీన్లో టీ తాగుతూ, "ముందున్న మనిషి ఎవరో తెలియకపోతేనే వైద్యం బాగా చేస్తామేమో" అన్నది తనే. ఆ మాట ఎవరన్నారో లాస్యకు గుర్తే లేదట! మాట తనది, బొమ్మ ఆమెది. గుండె ఆపరేషన్లలో కోస్తా మొత్తం మీద తనంత చెయ్యి ఇంకొకరికి లేదు. అయినా అతనికి ఎవరు నమస్కారపు బొమ్మ పెట్టారు? ఈ సంగతి పదేళ్ళుగా విని విని ఇంట్లో భార్య కూడా చెవులు మూసుకుంది.

ఈ ఏడాది ఏకరూపి గడువు ముగుస్తోంది. పొడిగించాలో వద్దో తేల్చడానికి కమిటీ కూర్చుంటుంది. యంత్రం పనిచేయడం లేదని ఎవరైనా రుజువు చేస్తే రద్దయినట్టే. రద్దయితే వెనక బ్లాకు తాళాలు మళ్ళీ తెరుచుకుంటాయి. ఆ సంగతి రుత్విక్‌కు తెలియక కాదు. తెలిసినా అతని కళ్ళముందు ఆడేది ఒక్కటే, హాల్లో ఆరిపోయిన హోలోగ్రామ్.

దారి కూడా దొరికింది. ఒకరోజు రౌండ్సులో పన్నెండో పడక మీద పాలపిట్ట దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడతపెట్టుకుంటోంది. ఎనభై ఏళ్ళ ముసలావిడ. గుండెలో కవాటం పాడై వచ్చింది. ఆ పని చేయడానికి రోబో పక్కనే నిలబడి ఉంది. రుత్విక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అంగీ మార్చగలరు, పేరు మార్చగలరు, అలవాటును ఏం చేస్తారు?

ఆ రోజు నుంచి రోగం కంటే రోగుల తీరు మీదే కన్నేశాడు. ఎవరు మంచం అంచున ఒదిగి కూర్చుంటున్నారు? ఎవరు బెల్లు నొక్కకుండా ఓర్చుకుంటున్నారు? ఎవరు తిన్న కంచం తామే కడగబోతున్నారు? ఏది కనిపించినా అది ఉచిత పడకేనని తేల్చుకుని చటుక్కున వరండాలోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడి రాసుకునేవాడు. తెర మీద రాస్తే ఏకరూపి చదివేస్తుందని పాతకాలపు కాగితం పుస్తకం, పెన్నూ సంపాదించాడు.

"వాపు తగ్గిందా అమ్మా?" అని అడిగాడొకసారి పాలపిట్టను.

"ఆయ్, తమరి దయండి బాబూ. శానా తగ్గిందండి. తమరికి శ్రమ ఇత్తన్నాను గానండి, నిన్నట్నించీ కాత్త ఆయాసంగా..."

'తమరి దయ' అన్న మాట చెవిన పడగానే రుత్విక్ గుమ్మం దాటేశాడు. ఆ ఆయాసం సంగతి రెండు రోజుల తర్వాత జూనియర్ డాక్టరు పట్టుకున్నాడు. అప్పటికే ఆవిడ ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఐసీయూకి తీసుకెళ్ళి ఎలాగో బతికించారు. ఒంట్లో బలం పుంజుకునేదాకా కవాటం ఆపరేషను వాయిదా పడింది.

మూడు నెలలు గడిచాయి. కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. ఆసుపత్రి ఛైర్మన్ విహాన్, రిటైర్డ్ జడ్జి శ్రీజ, లాస్య. రుత్విక్ లేచి పుస్తకం తెరిచాడు.

"పన్నెండు పేర్లు చదువుతాను. వీళ్ళంతా ఉచిత పడకల వాళ్ళే. ఏకరూపిని తెరిపించి చూసుకోండి."

చదవడం పూర్తయింది. చివరి పేరు దగ్గర విహాన్ తలెత్తి చూశాడు. జడ్జి గారు అనుమతి ఇచ్చాక ఏకరూపి తన మెత్తని గొంతుతో పలికింది.

"పదకొండు సరైనవి. పాలపిట్ట గారిది ఉచిత పడక కాదు."

లాస్య ముఖం పాలిపోయింది. అబ్బ! ఆ పాలిపోయిన ముఖం కోసం పదేళ్ళు ఎదురుచూశాడతను. "పన్నెండుకు పదకొండు! ఒక్కటి తప్పితే తప్పనివ్వండి. ఇంకా ఇది దాచిందేముంది?" అన్నాడు.

"పాలపిట్ట మా అమ్మ," అన్నాడు విహాన్ నెమ్మదిగా. "పాతిక ఏళ్ళు ఇలాంటి ఆసుపత్రిలోనే వెనక బ్లాకులో ఆయాగా చేసింది. దుప్పట్లు మడతపెట్టడం ఇప్పటికీ మానదు."

జడ్జి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏకరూపీ, గుర్తుపట్టడం వేరు, వైద్యంలో తేడా రావడం వేరు. తేడా వచ్చిందా?"

"పదేళ్ళలో రాలేదండి. ఈ మూడు నెలల్లో వచ్చింది. ఒక్క డాక్టరు రౌండ్సులోనే. మిగతా రోగుల దగ్గర డాక్టర్ రుత్విక్ గారు సగటున ఆరు నిమిషాలు ఉన్నారు. ఈ పన్నెండు మంది దగ్గర రెండు నిమిషాలు."

"అబద్ధం! నాకు పేదలంటే చులకన లేదు!" రుత్విక్ బల్ల చరిచాడు. "మా నాన్న ఆటో తోలాడు. వాళ్ళ అలవాట్లు నాకెలా తెలిశాయనుకున్నారు?"

"మరి ఆ నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయి?" అడిగారు జడ్జి గారు.

"వరండా కిటికీ దగ్గర," అంది ఏకరూపి. "డాక్టరు గారు రాసుకుంటున్నారండి."

"దేని గురించి?"

అది యంత్రానికి తెలియదు. తెలిసిన మనిషి పుస్తకం మూసి కూర్చున్నాడు. ఎదురుగా లాస్య అతనికేసి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"క్యాంటీన్లో ఎవరో అన్న మాట పట్టుకుని దీన్ని చేశాను. ఆ మాట నీదేనా రుత్విక్?" అంది. "ఒక్కసారి నాతో చెప్పకపోయావా? నీ పేరు కూడా పెట్టేదాన్ని కదయ్యా."

ఏకరూపిని ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఇకనుంచి ఏ మంచం దగ్గర డాక్టరు ఎంతసేపు ఉన్నాడో ఆ రోగికే కనిపించాలన్నారు. పాలపిట్ట ఆపరేషను ఇంకొకరితో చేయిద్దామని విహాన్ అంటే ఆవిడ ససేమిరా అందట. "నాకు ఆ రాసుకునే డాక్టరు బాబే కావాల" అని పట్టుబట్టిందట.

మర్నాడు రుత్విక్ పన్నెండో పడక దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అతన్ని చూడగానే లేవబోయింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ముందు బయటికెళ్ళి రాసుకు రండి బాబూ. నేను ఆగుతాను."

"ఏం రాసుకోవాలమ్మా?"

"అదేనండి, నా జబ్బు సంగతి. నేను నోరు తెరిస్తే సాలు, మరిసిపోతారేమోనని పరిగెత్తుకెళ్ళి రాసుకునేవోరు కదా." ముసలావిడ ముఖం వెలిగిపోయింది. పక్క మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "సెప్పుకోకూడదు గానండి, నా గురించే ఎక్కువ రాత్తన్నారని ఆ గోరింక గారు ఒకటే కుళ్ళుకుంటున్నారండి."

రుత్విక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి పుస్తకం తీశాడు. రాసిన పేజీలన్నీ చింపి మడిచి జేబులో కుక్కుకున్నాడు. పెన్ను మూత తీశాడు.

"ఆ ఆయాసం ఎప్పుడు మొదలైందో మళ్ళీ చెప్పండమ్మా," అన్నాడు. "ఇక్కడే కూర్చుని రాస్తాను."