గదవ కింద అమ్మ

పెండ్లికూతుళ్ళ గదవల్ని మాయం చేయడం నా పని. తిరుపతి కొర్లగుంటలో మేముండేది మిద్దె మీద, కింద గదిలో నా పార్లర్. గదవంటే గడ్డమే. గదవ కింద కండ వేలాడే పిల్ల వచ్చిందంటే, ఒంటి రంగు కంటే కొంచెం ముదురు పౌడరు తీసుకుని దవడ ఎముక వెంబడి పూసి మెడకు దిగలాగుతా. ఫోటోలో ఆ కండ ఉన్నట్టే తెలీదు. ముహూర్తం దాటేదాకా నిలిస్తే చాలు గదా. ముఖం కడుక్కున్నాక మొగుడు చూసుకుంటే అది నా పూచీ కాదు.

అట్లా ఊరందరి గదవలు దాచినదాన్ని, నాది దాచుకోలేకపోయినా.

మా అమ్మ వసంతమ్మ మాఘమాసంలో పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఐరాల నుంచి మా చిన్నమ్మ అలివేలమ్మ వచ్చి, "ఏడ్సు పాపా, ఏడిస్తే గుండె తేలికవుతాది" అని నా వీపు చరిచింది. రాలేదు. రాకపోతే ఏం చేసేది? కాఫీ కాచి వచ్చినోళ్ళందరికీ పోసినా. అమ్మ నోరు తెరుచుకుంటా ఉంటే చిన్నమ్మే నాయన పంచె అంచు చించి, గదవ కింద నుంచి నడినెత్తి మీదికి తీసి దవడకట్టు కట్టింది. అమ్మకు గదవ కింద లావుగా రెండు మడతలు. గుడ్డ ఆ మడతల్లో దిగిపోయి కనపడకుండా పోయింది. నేను చూస్తా నిలబడినా. పన్ను పీకే ముందు సూదేస్తే చెంప ఎట్లుంటాదో, నాకు ఒళ్ళంతా అట్లుండింది.

మాసికం అయినాక నా గదవ కింద కండ పెరగడం మొదలైంది.

నవ్వులాట కాదు. నాది మొదట్నుంచీ కొంగమెడ. బడిలో అందరూ నన్ను కొంగా అనే పిలిచేది. ఇప్పుడూ ఒళ్ళు పెరగలా, నడుము పెరగలా, పాత జాకెట్లే పడతా ఉన్నాయి. గదవ కింద మాత్రం ఒక మడత, దాని కింద ఇంకో మడత. థైరాయిడ్ పరీక్ష చేపిస్తే ఏమీ లేదన్నారు. మా ఆయన ధనశేఖర్‌ది సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని, ఆదివారాలు వస్తాడు. "ముద్దుగానే ఉండాదిలే" అన్నాడు ఫోన్ చూసుకుంటా. ఆయనకు నా మెడ మీద అరటిగెల వేలాడినా అదే మాట.

చిన్నమ్మ మాత్రం వచ్చీ రాంగానే నా గదవ పట్టుకుని ఊపింది. "అమ్మదొంగా! అక్క ఈడొచ్చి కూర్చోనుండాదా!" అని పకపకా నవ్వింది. నవ్వతానే చెయ్యి వెనక్కి తీసుకునింది. ఆ చేతిని కొంగుకు తుడుచుకునింది.

"సల్లగా ఉండాదేమే" అన్నది.

మా నాయన సుబ్రమణ్యానికి అమ్మ పోయినాక మతి సరిగా లేదు. నాతోనే పెట్టుకున్నా. మొదట్లో నన్ను పాపా అనే పిలిచేవాడు. కండ పెరిగేకొద్దీ ఆ పిలుపు తగ్గింది. ఒకరోజు అన్నం పెడతా ఉంటే నా గదవ వైపే చూసి, "వసంతా, చారులో ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆ దినం నుంచి నేను వసంతనే. "నాయనా, నేను లోహితని" అంటే, "మరి లోహిత ఎప్పుడొస్తాది? బిడ్డను చూసి ఎన్నాళ్ళయింది" అని కండ్లనీళ్ళు పెట్టుకునేవాడు. బిడ్డ ఎదురుగానే గరిటె పట్టుకుని నిలబడుండాది!

అప్పుడే అనుకున్నా, దీన్ని తీపిచ్చేస్తా అని. అందం కోసం కాదు. మా నాయనకు మిగిలిన ఆ కాసింత గుర్తూ ఆరిపోకముందే, ఒక్కసారన్నా నన్ను చూసి పాపా అనాల. నాకు కావల్సింది అంతే.

బైపాస్ రోడ్డులో ఒక క్లినిక్కు. నాయన్ను ఒంటరిగా వదల్లేను గనక వెంట పిలుచుకుపోయి హాల్లో కూర్చోబెట్టినా. డాక్టర్ యోగానంద మంచి మనిషి, నిదానస్తుడు. నా గదవ కింద కండ రెండు వేళ్ళతో పట్టి చూసినాడు.

"కొవ్వేనమ్మా. చర్మం బిగువుగా ఉంది కాబట్టి తీసినాక వేలాడదు. చిన్న గాట్లు పెట్టి సన్నటి గొట్టంతో లాగేస్తాం. సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. కొన్ని వారాలు వాపు, తిమ్మిరి ఉంటాయి. అయితే ఒకటి. ముఖం మారితే బతుకే మారిపోతుందనుకుని వచ్చేవాళ్ళకు నేను చెయ్యను. నువ్వెందుకు చేయించుకుంటున్నావు?"

"మా నాయన గుర్తుపట్టాల" అన్నా.

ఆయన సరేనని చీటీ మీద ఏదో రాసుకున్నాడు. లైటు దగ్గరికి లాగి, కింది మడత విప్పి చూసినాడు. "చిన్నప్పుడు అమ్మవారు పోసిందా? ఇక్కడ గింజంత గుంట ఉంది."

నాకు అమ్మవారు పోయలేదు. పోసింది మా అమ్మకు. ఆ గుంట నాకు బాగా తెలుసు. పాలు తాగేటప్పుడు అందులో వేలు పెట్టి ఆడుకునేదాన్నంట, అది లేకుంటే నిద్రపోయేదాన్ని కాదంట.

"పోసింది" అని అబద్ధం చెప్పినా.

నర్సు గ్రేసీ నవ్వుమొగం పిల్ల. ఆపరేషన్ తర్వాత కట్టుకునే పట్టీ తెచ్చి, "సైజు చూస్తామక్కా" అని నా గదవ కింద నుంచి నడినెత్తి మీదికి తీసి బిగించింది. గది తలుపు ఓరగా తెరిచే ఉండింది. హాల్లో కూర్చున్న నాయన నన్ను చూసినాడు. లేచినాడు. గోడ పట్టుకుంటా వచ్చి, గ్రేసీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవురు కట్టినారు ఇది?" గుసగుసగా అడిగినాడు. "దవడకట్టు విప్పండమ్మా. ఇంకా ఊపిరాడతానే ఉండాది. సూడు, గొంతు కదలతా ఉండాది... విప్పండి."

గ్రేసీ బిత్తరపోయి విప్పేసింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా నాయన నా గదవ కింద అరచెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉందో లేదో నాకు తెలీలా.

చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పినా.  "వద్దులే పాపా. యాడో ఒకచోట ఉండాది గదా. ఈడ్నుంచి తోలేస్తే అక్క యాడికి పోతాది?" అన్నది.

"కొవ్వు చిన్నమ్మా అది. డాక్టరే చెప్పినాడు."

"డాక్టరుకేం తెల్సు. గిల్లుకోని సూడు."

నీ పిచ్చి పాడుగాను అనుకుని ఫోన్ పెట్టేసినా. పెట్టేసినాక గిల్లుకున్నా. నొప్పి లేదు. గోరు దిగేట్టు గిల్లినా... ఏమీ లేదు. పక్కగదిలో నాయన మంచం కిర్రుమనింది.

"వసంతా... ఏమైందే? ఎందుకు మూలగతావు?"

నేను మూలగలేదు. అప్పుడన్నా భయపడాల గదా మనిషి. నేను లేచి బియ్యం కడిగినా.

మానుకుంటా అనుకోని దినం లేదు, చేపిచ్చుకుంటా అనుకోని దినమూ లేదు. ఇది కొవ్వయితే తీసేస్తే పీడా పోతాది. అమ్మయితే? బతికినన్నాళ్ళూ ఎవరికీ అడ్డం రాని మనిషి. ఉండేదానికి ఇంత చోటు అడిగితే కోయిచ్చి తీపిచ్చేదా? కానీ ఆ చోటు పుణ్యమా అని నాయనకు నేను లేకుండా పోతా ఉండానే! సరే రా దేవుడా అని దినం ఖాయం చేసుకున్నా.

ఆ దినం మధ్యాహ్నం ముసురుగా ఉండింది. గదిలో చల్లగా స్పిరిట్ వాసన. యంత్రాల చప్పుడు. బల్ల మీద పడుకోబెట్టి, నల్ల పెన్నుతో గదవ కింద గీతలు గీసినారు. పెన్ను మొన పాకతా ఉన్నట్టు తెలీలేదు నాకు. గ్రేసీ దూదితో తుడిచింది. అదీ తెలీలేదు. స్పిరిట్ వాసన కింద నుంచి ఇంకో వాసన... ఆకువక్క వాసన. మా అమ్మ నమిలే ఆకువక్క. ఆ గదిలో ఎవరు నమలతారు?

డాక్టరు వంగినాడు. "నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు డాక్టర్."

ఆయన చెయ్యి ఆగింది. "ఇంకా మత్తు ఎక్కించలేదే. సూది మొన దిగిందే..."

అప్పుడు అరుపు వినపడింది.

పెద్దది కాదు. బిగించి కట్టేసిన నోట్లోంచి వచ్చినట్టు, ముక్కులోంచి, సన్నగా. డాక్టరు తలుపు వైపు చూసినాడు. గ్రేసీ నా వైపు చూసింది. నా పెదాలు మూసే ఉన్నాయి.

"అక్కా..." గ్రేసీ దూది కింద పడేసింది. "ఇప్పుడు అరిచింది మీరేనా?"

కాదన్నట్టు తల ఊపినా. బయట నాయన తలుపు గీరతా ఉన్నాడు.

"గుచ్చినారా... వసంతా... గుచ్చినారా నిన్ను..."

డాక్టరు ఏమనుకున్నాడో, ఇంకొక్కసారి మొన ఆనించినాడు. మళ్ళీ అదే అరుపు. ఈసారి ఎక్కడ్నుంచో తెలిసింది. నా గదవ కింద... పిల్లికూన గురగురమన్నట్టు కండ అదిరింది. నొప్పి లేదు. నాకు ఇంత కూడా లేదు. ఆ నొప్పంతా ఇంకెవరో పడతా ఉన్నారు.

"చాలు" అన్నా. "వద్దు. నేను పోతా."

"బలవంతమేమీ లేదమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన ముఖాన చెమట. "నిర్ణయం నీది."

బల్ల దిగినా. కాళ్ళు నేలకు ఆనినట్టు తెలీలేదు. ఎవరూ నన్ను ఆపలా, చెప్పులేసుకోమని కూడా అనలా. నాయన్ను పట్టుకుని, వానలో తడస్తానే ఆటో ఎక్కినా. నాయన దారి పొడుగునా సంతోషంగా ఉన్నాడు. "మంచిపని చేసినావే వసంతా" అన్నాడు. నాకు బాధేసిందని చెప్పాలనుంది. వెయ్యలేదు. ఇంక ఆ పిలుపు నాకు రాదు, నాయనకు నేను ఎప్పటికీ అమ్మనే అని తెలిసింది. వానకు ఊరు చీకటి పడినట్టుంది అని మాత్రం అనుకున్నా.

ఇంటికొచ్చి నీళ్ళు తాగితే రవిక తడిసింది. కారిపోతా ఉన్నట్టు తెలీలేదు. తిమ్మిరి పెదాలకు ఎక్కింది. సంగటి కెలికి నాయనకు పళ్ళెంలో పెట్టినా.

"పాప ఎప్పుడొస్తాదే?" అడిగినాడు.

"వస్తాదిలే. తిను నువ్వు."

ఆ మాట విన్నా. అనలేదు, విన్నా. నా నోట్లోంచే వచ్చింది గానీ నా పెదాలు కదిలినట్టు లేదు. గొంతు నాది కాదు.

ఫోన్ మోగింది. గ్రేసీ.

"వసంతమ్మగారాండీ? క్లినిక్కు నుంచమ్మా. మీ పాపకు ఆపరేషన్ బాగా అయింది. మత్తు దిగినాకాడ్నుంచి ఒకటే ఏడస్తా ఉంది, అమ్మ కావల్లంటా ఉంది. వచ్చి పిలుచుకుపోండమ్మా."

గ్రేసీ, నేనే లోహితని, నేను ఇంటికొచ్చేసినా గదా, అనబోయినా. దవడ తెరుచుకోలా. నెత్తి మీద ఎవరో ముడి బిగించినట్టు...

అవతల ఫోన్ చేతులు మారింది.

"అమ్మా..."

అది నా గొంతు.

"నొప్పెత్తా ఉండాదిమా... నన్ను ఒక్కదాన్నే వదిలేసి యాడికి పోయినావు... అమ్మా..."

వెక్కి వెక్కి ఏడస్తా ఉండింది. అది నా ఏడుపు. మాఘమాసం నుంచి నాకు రాని ఏడుపు, ఆడ ఎవరో గుండె పగిలేట్టు ఏడస్తా ఉన్నారు. నాకు భయం వెయ్యలా. అసూయ వేసింది. ఎంత బాగా ఏడస్తా ఉండాది!

ఏడుపు మధ్యలో గుసగుసగా అడిగింది. "నువ్వొస్తావా... నేనే రానా?"



"ఎవరే?" అన్నాడు నాయన.

"పాప" అనింది నా నోరు.

నాయన ముఖం వెలిగిపోయింది. ఎవరన్నా చెయ్యి పట్టుకుంటేగాని లేవని మనిషి, ఎంగిలిచేత్తోనే లేచినాడు. వాకిలి బార్లా తెరిచినాడు. మెట్ల లైటు వేసినాడు. పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి, నేను ఇన్ని నెలలుగా కాచుకున్న పిలుపు పిలిచినాడు.

"పాపా! వచ్చినావా బిడ్డా?"

"వచ్చినా నాయనా" అని మెట్ల కింద నుంచి నా గొంతే బదులొచ్చింది.

నా చెవి దగ్గర ఫోన్‌లో ఏడుపు ఇంకా వినపడతానే ఉండింది.