పంపుకు కట్టిన పచ్చ గుడ్డ

...లేటయిపోయింది యతీశప్పా, ఏమీ అనుకోవద్దు. చెప్తా చెప్తా అని మూడు దినాలుగా ఊరిస్తా ఉండాను. ఇప్పుడు విను. ఉద్దనపల్లి దాటినంక మిట్ట ఉండాది కదా, ఆడ పాడుబడిన మోటారు రూము, దాని పక్కన బావి... చీకటి పడితే బీడీ ముట్టించేదానికి కూడా ఎవురూ ఆడ బండి ఆపరు. కదిరప్ప మొదటి పెండ్లాం లక్ష్మక్క పోయింది ఆ బావిలోనే.

కదిరప్పది డెబ్బై ఆరు మాడల్ పెట్రోలు కారు, బాడుగకు తోలేవాడు. ఒక ఎండాకాలం మిట్ట ఎక్కతా ఎక్కతా ఇంజను వేడెక్కి నిలిచిపోయింది. నీళ్ళు తెస్తానని డబ్బా పట్టుకొని పోయింది లక్ష్మక్క... కాలు జారింది. అంతే.

రెండేండ్లకు, తొంభై ఏడులో, కావేరిపట్టణం రేణును చేసుకున్నాడు. మనలో ఉండాది కదా — రెండోది వస్తే, పోయినామె పేరున సవతి బిళ్ళ చేయించి మెడలో వేసుకోవల్ల. లేకుంటే పోయినామె ఊరుకోదంటారు. రేణు వేసుకోలేదు.

"నా మెడలో దానికేం పని?" అనేసింది.

మెడలోకి రానియ్యకుంటే ఏమి, కారులో ఉండాది కదా లక్ష్మక్క!

ఎట్లంటే — కారు చల్లగా ఉన్నంతసేపు బంగారం, వేడెక్కితే పీనుగ. హోసూరు మెకానిక్ పద్మనాభం కాయిల్ మార్చినాడు, కండెన్సర్ మార్చినాడు. కుదరలా. కడాకు, "ఇంజనుకు పెట్రోలు తోసే పంపు ఉండాది కదా, దాంట్లో పెట్రోలు ఆవిరైపోతా ఉండాదప్పా, నిలిస్తే దానికి తడిగుడ్డ చుట్టి అరగంట కూర్చో" అన్నాడు. కదిరప్ప చుట్టింది ఏ గుడ్డ? లక్ష్మక్క పచ్చ చీర చించిన గుడ్డ!

నిలిచినప్పుడంతా దాని మింద నీళ్ళు పోసేవాడు, నిమిరేవాడు, గుసగుసగా ఏమో అనేవాడు. సీట్లో కూర్చున్న రేణుకు ఇంజను కంటే కడుపు ఎక్కువ మండేది.

ఆ దినం హోసూరులో పెండ్లి చూసుకొని వస్తా ఉండారు. పొద్దు మునిగింది. మిట్ట సగం ఎక్కింది కారు... గుటుక్... గుటుక్... నిలిచిపోయింది. సరిగ్గా మోటారు రూము పక్కనే.

కదిరప్ప బానెట్ లేపినాడు. నీళ్ళు పోసిన చప్పుడు. ఆ మీదట బానెట్ వెనక నుంచి సన్నంగా —

"కోపం వద్దు లక్ష్మీ... ఇంటికి పోదాం, పా..."

డోరు ధన్‌మని కొట్టి దిగింది రేణు.

"ఏమయ్యా! చచ్చినదానికి ముద్దుమాటలు, బతికినదానికి డోరు గూడా తెరవవా?"

"మెల్లగా అమ్మే... ఈడ వద్దు."

"ఈడే!"

పచ్చగుడ్డను లాగి, బిరబిరా పోయి, బావిలోకి విసిరేసింది. నిలబడి విన్నది... నీళ్ళ చప్పుడు రాలేదు.

వచ్చి, తన పసుపు చీర కొంగు పర్రున చించి, తడిపి, పంపుకు బిగించింది. అరగంట కాచుకున్నారు. తర్వాత తాళం తిప్పితే — బుర్రుమని లేచింది కారు!

"చూసినావా? నా గుడ్డకే పలికింది!" ఇంటిదాకా మహారాణి మాదిరి వచ్చింది.

తెల్లారి పద్మనాభం వచ్చినాడు. రేణు కాఫీ ఇస్తా జరిగిందంతా గొప్పగా చెప్పింది. ఆయన నవ్వతా బానెట్ లేపినాడు.

"ఎవురి గుడ్డయితే ఏమమ్మా, ఇంజను చల్లారింది, లేచింది, అంతే..." అని చెయ్యి పెట్టి, ఆగినాడు.

"అది సరే... రెండు ఎందుకు కట్టినారు?"

పసుపు గుడ్డ కింద పచ్చ గుడ్డ. రాత్రంతా పోయినా బొట్లు బొట్లుగా కారతా ఉండాది. బావి పాచి వాసన. రెండు గుడ్డల కొనలూ కలిపి ఒకటే ముడి...

రేణు చెయ్యి ఒట్టి మెడ మిందికి పోయింది.

"ఏమయ్యా..." అనింది, వినపడీ వినపడకుండా. "ఆ బిళ్ళ చేసే కంసాలి యాడుంటాడు?"

చేయించుకునింది. ఆ మీదట కారు నిలిచిందా లేదా అంటావా? అదే చెప్తా విను, పోయిన వారం నేనే ఆ మిట్ట మింద — ఆఁ? ఎవురితోనా? ఫోన్లో యతీశప్పతోనే అమ్మే మాట్లాడేది! గుసగుసలేంది, ఒట్టు... వస్తా ఉండా —